చక్కెర గాజులు

ఏప్రిల్ 13, 2025, ఆదివారం

పెట్టేశాను! ఎనిమిది సీసాలు, ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో గంటగంటకూ వేడిని రాసుకునే బుల్లి మీటరు. ఇల్లందు దాటాక అడవి అంచున ఉన్న తండాలో, కమ్లి పెద్దమ్మ ఇంట్లో, బియ్యం డ్రమ్ము మీది గూట్లో. నాలుగింటికి ఎర్ర టేపు, మామూలు ఇన్సులిన్. నాలుగింటికి ఆకుపచ్చ టేపు, నా సైక్లోడెక్స్‌ట్రిన్ కలిపిన ఇన్సులిన్. ఫ్రిజ్ లేని ఇంట్లో, నడి ఎండాకాలంలో, ఎనిమిది వారాలు. ఎవరూ వాడకూడదు, ఊరికే ఉండాలి అంతే. రెండు వారాలకోసారి ఒక జత తీసుకెళ్ళి ఖమ్మంలో మా ఫార్మసీ కాలేజీ ల్యాబ్‌లో చూస్తాను.

పీహెచ్‌డీలో చేరి ఆరేళ్ళు. జూన్‌లో రివ్యూ, అదే ఆఖరిది. ఈసారి చూపించడానికి ఏమీ లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. తలుచుకుంటే భయం వెయ్యాలి. వెయ్యడం లేదు! బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే పక్క సీటామె మెల్లగా కిటికీ వైపు జరిగింది.

ఇల్లు చూపించింది ఆశా వర్కర్ సోని. కమ్లి ఆమె అత్త. యాభై ఆరేళ్ళు, పదేళ్ళ షుగరు, రోజూ తిండికి ముందు తన ఇంజెక్షన్ తనే పొడుచుకుంటుంది. తన సీసాని తడి ఇసుక పోసిన కుండలో పెట్టుకుంటుంది.

"గీ పచ్చదాంట్ల ఏం కలిపినవ్ బిడ్డా?" అంది.

"ఒక తీరు చక్కెర, పెద్దమ్మా."

కమ్లి కోడలి వైపు తిరిగింది. "వింటివా సోనీ? నువ్వేమో నా చాయ్‌ల చక్కెర బంద్ పెడితివి. గీ పిల్లేమో షుగర్ మందులనే చక్కెర పోసింది!"

వాకిట్లో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆమె చేతి గాజు పట్టుకుని చెప్పాను. చక్కెర పలుకుల్ని గాజులాగా గుండ్రంగా పేరిస్తే వచ్చేదే ఇది. గాజు బయటి వైపు నీళ్ళకి స్నేహం, లోపలి వైపు జిడ్డుకి స్నేహం. ఇన్సులిన్‌కి వేడి తగిలితే దాని లోపలి జిడ్డు భాగాలు బయటికి వస్తాయి, ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. ఉండ కట్టిన మందు పని చెయ్యదు. నా గాజు పోయి ఆ జిడ్డు భాగానికి తొడుక్కుంటుంది. ఇక అంటుకోవడం ఎక్కడిది?

"అంటే గీ మందు ఎండకు చెడదా?"

"చెడదు పెద్దమ్మా! నలభై డిగ్రీలైనా మంచిగనే ఉంటది!"

పరీక్ష ఇవాళే కదా మొదలైంది. అయినా ఉంటుంది. నాకు తెలుసు.

ఏప్రిల్ 15

వరంగల్ నుంచి మా గైడ్ హేమలత మేడం మెసేజ్: "మొదటి రోజు నమూనాకి రంగు పరీక్ష చేశావా?"

రంగు పొడి ఇంకా రాలేదు. ఒక జత సీసాలు ఫ్రిజ్‌లో దాచాను, రాగానే చేస్తాను. మొదటి రోజే చెడిపోతుందా ఏమిటి!

ఏప్రిల్ 20

గూట్లో మధ్యాహ్నం నలభై ఒకటి. గంతేశాను. కొత్తగూడెం నుంచి మా నాన్న ఫోన్ చేస్తే అదే చెప్పాను.

"నేను గాజుల దుకాణంల కూసోలేక తడిబట్ట కప్పుకున్న. నువ్వేంది బేటీ, ఎండ బాగుంది అంటున్నవ్?"

"ఇంకా పెరగాలె అబ్బా. దువా చెయ్యి."

"తౌబా!" అని పెట్టేశారు.

ఏప్రిల్ 27

మొదటి జత తెచ్చాను. దీపానికి అడ్డం పెట్టి చూస్తే ఎర్ర సీసాలో సన్నటి పోగులు తేలుతున్నాయి. ఆకుపచ్చ సీసా మంచినీళ్ళే! కారిడార్‌లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. మళ్ళీ నడిచాను. మేడం మాత్రం "కంటికి కనిపించేది సాక్ష్యం కాదు ఫాయిజా" అన్నారు. ఆవిడ ఎప్పుడూ అంతే.

మే 4

కమ్లి ఇంట్లో లేదు. తునికాకు కోతలు మొదలయ్యాయి. తెల్లారేసరికి అడవిలో ఉంటుందట, మధ్యాహ్నం కల్లం దగ్గర కట్టలు కడుతుందట. సోని ఒక్కతే ఉంది.

"మా అత్త తన సీసని సంచిలేసుకొని దినాం అడవిల తిప్పింది. ఎండకు ఖరాబైంది. ఇల్లందు దవాఖానాల కొత్తది తెచ్చుకొమ్మన్న."

"తెచ్చుకుందా?"

"తెచ్చుకున్న అన్నది."

మూడో నంబర్ ఆకుపచ్చ సీసాలో మట్టం వేలి మందం తగ్గింది. ఆవిరై ఉంటుంది. నలభై మూడు డిగ్రీలు మరి.

మే 5

ఆవిరే.

(రబ్బరు మూత, దాని మీద అల్యూమినియం పట్టీ. అయినా ఆవిరే.)

మే 6

రంగు పొడి వచ్చింది! పరీక్ష చేశాను.

ఈ రంగు నీళ్ళలో గుడ్డిగా ఉంటుంది. జిడ్డు చోటు దొరికితే అక్కడ కూర్చుని వెలుగుతుంది. చెడిపోయిన ఇన్సులిన్‌లో జిడ్డు బయటపడి ఉంటుంది కాబట్టి, ఎంత వెలుగుంటే అంత చెడినట్టు. ఎర్ర సీసా కొంచెం వెలిగింది. ఆకుపచ్చ సీసా దానికి ఎనిమిది రెట్లు వెలిగింది.

వెలుగు కొలిచే మెషీన్ వేడెక్కి ఉంటుంది.

మే 7

మెషీన్ వేడెక్కలేదు. ఎనిమిది రెట్లే. హాస్టల్లో సేమ్యా పాయసం చేశారు, రెండు గిన్నెలు తిన్నాను. నేను బాగానే ఉన్నాను.

మే 11

అంతా వరసగా రాయాలి.

పొద్దున తండాకి వెళ్ళేసరికి కమ్లి వాకిట్లో ఉంది. అడవి ఎండకి మాడినా మొహం కళకళలాడుతోంది. "రా బిడ్డా, గుడాలు తిను" అని ఉడికించిన శనగల గిన్నె చేతిలో పెట్టింది. గూట్లోంచి డబ్బా దించాను. మూడో నంబర్ సీసా సగమే ఉంది. రబ్బరు మూత మీద సూది గుచ్చిన చుక్కలు. ఆవిరి సూదితో తోడుకోదు కదా.

"పెద్దమ్మా, ఈ సీస..."

"అవ్, నేనే పొడుచుకున్న." దాపరికమే లేదు. "నా సీస పాలు ఇరిగినట్టయింది. దవాఖానాకు పోతే ఒక దినం ఆకు పోతది. ఆకు ఉండేదే ఇరవై దినాలు. గూట్ల చూస్తే నీ పచ్చది తళతళ అంటున్నది. నీ ఎర్రది ముట్టలేదు, గది ఖరాబైతది గద. నువ్వే చెప్పినవ్, పచ్చది ఎండకు చెడదని."

"ఎన్ని రోజుల సంది?"

"పది దినాలు."

సోని లోపలి నుంచి పరుగున వచ్చి నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "నాతోని అబద్ధం చెప్పినవా అత్తా?" అంటూనే షుగరు మీటరు తెచ్చి అత్త వేలు గుచ్చింది. నూటముప్పై ఎనిమిది.

నూటముప్పై ఎనిమిది! ఇది డైరీ కాబట్టి రాస్తున్నాను. ఒక్క నిమిషం నాకు ఒళ్ళంతా గాల్లో తేలింది. పని చేస్తోంది! మనిషిలో, నా మందు పని చేస్తోంది! కమ్లి కూడా నా మొహం చూసి చప్పట్లు కొట్టింది.

అప్పుడు ఎనిమిది రెట్ల వెలుగు గుర్తొచ్చింది. ఆ రంగు చెప్పేది నిజమైతే ఈమె పది రోజులుగా ఒంట్లోకి ఉండలు ఎక్కించుకుంటోంది. గుడాల గిన్నె కింద పెట్టాను.

ఆటోలో ముగ్గురం ఇల్లందు దవాఖానాకి వెళ్ళాం. డాక్టరుకి అంతా చెప్పాను. ఆయన పొట్ట మీద సూది గుచ్చిన చోట్లు తడిమి చూశారు, రక్తం తీయించారు, నన్ను అరగంట చివాట్లు పెట్టారు. కమ్లికి ఏమీ కాలేదు. చేతిలో కొత్త సీసా పెట్టి పంపారు. అంగన్‌వాడీ ఫ్రిజ్‌లో పెట్టిస్తానని సోని ఒట్టేసింది.

మిగిలిన సీసాలన్నీ నాతో తెచ్చేశాను. మేడంకి ఫోన్ చెయ్యాలి.

మే 12

మేడంకి ఫోన్ చెయ్యాలి.

మే 13

చేస్తాను.

మే 14

సిగ్నల్ సరిగ్గా లేదు. (ఖమ్మం నడిబొడ్డున!)

మే 15

యా అల్లా! యా అల్లా!

రంగే పాడైందేమో తేల్చుకుందామని ఇవాళ ఇన్సులిన్ అసలు కలపకుండా, ఉత్త నీళ్ళలో నా చక్కెర గాజులు, రంగు, ఈ రెండే వేశాను. వెలిగింది! ఇన్సులిన్ చుక్క లేని నీళ్ళు ధగధగా వెలిగాయి!

అరిచాను. వాచ్‌మన్ లచ్చిరాం కర్ర పట్టుకుని వచ్చాడు. "మేడం, పాము గిట్ల దూరిందా?"

"లేదు లచ్చిరాం! నీళ్ళు వెలుగుతున్నయ్!"

ఒకసారి నీళ్ళ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "మా బావ మందు మానేసినప్పుడు గిట్లనే అన్నడు" అని వెళ్ళిపోయాడు.

ఎంత మొద్దుని నేను! రంగుకి కావాల్సింది జిడ్డు చోటు. గాజు లోపల ఉన్నదేమిటి? జిడ్డు చోటే. రంగు పోయి ఇన్సులిన్‌లో కాదు, గాజుల్లో కూర్చుంది! ఆ ఎనిమిది రెట్ల వెలుగూ గాజులదే. ఫ్రిజ్‌లో దాచిన మొదటి రోజు సీసా తీసి చూశాను. అదీ అంతే వెలిగింది. మేడం అడిగినట్టు, రంగు వచ్చిన రోజునే దీన్ని చేసి ఉంటే ఈ పది రోజుల నరకం ఉండేది కాదు. పోనీ! పోనీ!

రంగు అక్కర్లేని పరీక్ష ఒకటుంది. పొడవాటి గొట్టం గుండా మందుని పంపితే పరిమాణాన్ని బట్టి విడిపోతుంది. ఉండలు ముందు బయటికి వస్తాయి, మంచి ఇన్సులిన్ తర్వాత వస్తుంది. తెర మీద గుట్టలుగా కనిపిస్తాయి. సాయంత్రం దాకా అదే పని. ఎర్ర సీసాలో ముందే పెద్ద గుట్ట, ఉండలు. ఆకుపచ్చ సీసాలో ముందు దాదాపు చదును, ఆ తర్వాత ఒకే ఒక్క నిటారు శిఖరం.

గాజులు తొడుక్కున్నాయి! గెలిచాను! చీపురు పట్టుకుని నాట్యం చేశాను. ఎవరూ చూడలేదు, లచ్చిరాం తప్ప.

మే 16

రివ్యూకి స్లైడ్లు తయారుచేస్తున్నాను. ఇరవై రెండయ్యాయి. శిఖరం బొమ్మే ఆరుసార్లు పెట్టాను.

ల్యాబ్ పుస్తకంలో మూడో నంబర్ సీసా దగ్గర "పగిలిపోయింది" అని రాశాను. పగిలేవి పగులుతూనే ఉంటాయి. ఆమెకి ఏమీ కాలేదు. డాక్టరుకి చెప్పాను. రివ్యూ కమిటీకి తెలిస్తే తండా నమూనాలన్నీ పక్కన పెట్టేస్తారు, ఆరేళ్ళూ పోతాయి, ఎవరికి లాభం? ఎవరికీ లాభం లేదు. సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది.

మే 18

పని లేకపోయినా తండాకి వెళ్ళాను. కమ్లి ఎలా ఉందో చూద్దామని. బాగుంది. కాకపోతే వాకిట్లో ఇంకో నలుగురున్నారు. రూప్‌సింగ్ అనే ముసలాయన రుమాలు విప్పి సిరంజీ చూపించాడు.

"కమ్లి చెప్పింది. పచ్చ టేపు మందు కుండ లేకున్నా ఖరాబ్ కాదట. నాకూ ఒక సీస ఇయ్యి బిడ్డా."

వద్దనీ, ఇంకా పరీక్షల్లోనే ఉందనీ, ఎవరూ వాడకూడదనీ నలుగురికీ పేరుపేరునా చెప్పాను. రూప్‌సింగ్ సిరంజీని మళ్ళీ రుమాల్లో చుట్టుకున్నాడు. "మరి కమ్లికెట్ల ఇచ్చినవ్?" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక కమ్లి అడిగింది. "నేను పొడుచుకున్నది నీ పుస్తకంల రాసినవా? గది చూసి పెద్ద డాక్టర్లు ఏమన్నరు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆమె కళ్ళలో కళ్ళు పెట్టి చెప్పలేకపోయాను. "పగిలిందని రాసిన పెద్దమ్మా."

ఆకు కోసి కోసి నల్లబడిన వేళ్ళతో గాజులు వెనక్కీ ముందుకీ తోసుకుంది.

"పది దినాలు నా ఒంట్లకు పోయింది. పగిలిందా గది?"

"కమిటీకి తెలిస్తే నా చదువు..."

"కమ్లి దొంగతనం చేసిందని రాయి. నాకేం ఫరక్ లేదు. నీ మీద నాకు కోపం లేదు, నేను కూడ నీకు చెప్పకనే తీసిన. కానీ నన్ను లేనే లేదని రాస్తే ఎట్ల బిడ్డా?"

తిరుగు బస్సులో నవ్వు రాలేదు.

మే 19

ఫోన్ చేశాను. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. సీసా, సూది చుక్కలు, "పగిలిపోయింది", అన్నీ. హేమలత మేడం ముందు ఒకటే అడిగారు.

"ఆమె ఎలా ఉంది?"

"బాగుంది మేడం."

"బలం? సీసాలో మామూలు మందుకి సమానంగానే కలిపావా, ఎక్కువ తక్కువలు లేవుగా?"

"సమానమే మేడం. మిల్లీలీటరుకి నలభై యూనిట్లే."

అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. తర్వాత ఇరవై నిమిషాలు తిట్టారు. ఆరేళ్ళలో ఇంత తిట్టలేదు. చివర్లో గొంతు తగ్గించి, "ఆ మాట కొట్టేసి, పైన నిజం రాసి, ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెట్టు. ఎథిక్స్ కమిటీకి నేనే ఉత్తరం రాస్తాను. రివ్యూ పోవచ్చు, సిద్ధంగా ఉండు" అన్నారు.

సంతకం పెట్టాను. పెట్టగానే విపరీతంగా ఆకలేసింది. కోడిగుడ్డు బజ్జీలు ఆరు తిన్నాను.

మే 27

ఎథిక్స్ కమిటీ కబురు: మూడో నంబర్ సీసాలో మిగిలిన మందుని కూడా గొట్టంలో పంపి చూడాలి. ఆమె ఒంట్లోకి పోయిందేమిటో ఆమెకి తెలియాలి. జూన్ 3న కాలేజీలోనే, వాళ్ళ ముందే.

సోనికి ఫోన్ చేసి చెప్పాను. వెనక నుంచి కమ్లి కేక: "నేను కూడ వస్త!"

జూన్ 3

కమ్లి వచ్చింది! అద్దాల పని చేసిన రవికె, మోచేతి దాకా గాజులు, చేతిలో ఇప్పపూల పొట్లం. గేటు దగ్గర లచ్చిరాం ఎవరు కావాలని అడిగితే "నేను మూడో నంబర్" అందట.

కమిటీలో నలుగురు, పక్కన మేడం. పెద్దాయన మెత్తగానే అడిగారు. "ఈ మందు వాడమని నీకు ఎవరైనా చెప్పారా అమ్మా?"

"వాడమని చెప్పలే. ఎండకు చెడదని చెప్పింది. నాకు రెండు మాటలూ ఒక్కటే అనిపిచ్చినయ్."

ఆయన నా వైపు చూశారు. తల దించుకున్నాను.

అందరం ల్యాబ్‌లోకి వెళ్ళాం. మూడో నంబర్ మందు గొట్టంలోకి పంపాను. కమ్లికి స్టూలు వేశాను, తెర ముందు కూర్చుంది. గీత చదునుగా పాకుతోంది.

"ఎప్పుడొస్తది?"

"చెడ్డది ఉంటే ముందుగాల వస్తది పెద్దమ్మా. మంచిది ఎనక."

ఎనిమిదో నిమిషంలో గీత లేచింది. సూది గుచ్చిన మూత, గాలి తగిలిన మందు. మిగతా సీసాలంత శుభ్రంగా ఎందుకుంటుంది? గుట్ట పెరిగింది, పెరిగింది, చిన్నదిగానే ఆగింది. దిగిపోయింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. కమ్లి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు లేచింది శిఖరం. నిటారుగా, తెర పై అంచు దాకా.

"గిదేనా నాది?"

"గిదే."

"మరి గా చిన్న గుట్ట?"

నాలుక చివర దాకా వచ్చింది, అదేం లేదు పెద్దమ్మా అని. మింగేశాను. "చెడ్డది. నూటికి ఏడు వంతులు చెడిపోయింది."

"గది కూడ నా ఒంట్లకే పోయిందా?"

"పోయింది. దానితోని ఇప్పటికైతే ఏం కాలేదు. తర్వాత ఏమన్న అయితదో కాదో చూస్తూ ఉండాలె."

ఆమె తెర మీది చిన్న గుట్టని వేలితో ముట్టుకుంది. "ఏప్రిల్‌ల గూట్ల పెట్టిన నాడు గిది చెప్పలే నువ్వు."

"అప్పుడు నాకు తెల్వదు."

"తెల్వదని చెప్పలే."

కమ్లే ఇప్పపూల పొట్లం విప్పి అందరికీ పంచింది. పెద్దాయన నములుతూ నములుతూ, "ఈ మందు మీ చేతికి రావాలంటే ఎనిమిదేళ్ళో పదేళ్ళో పడుతుందమ్మా" అన్నారు.

"అప్పటికి నాకు అరవై ఆరు. ఉంట. మీరు జల్దీ చెయ్యున్రి."

బస్టాండులో ఇల్లందు బస్సు ఎక్కించాను. కిటికీలోంచి నా నెత్తి మీద చెయ్యి వేసింది. బస్సు కదిలాక ఏడ్చాను, నవ్వాను, చెరుకు రసం తాగాను. ఏది ముందో గుర్తు లేదు.

జూన్ 12

రివ్యూ అయింది.

తండా నమూనాలన్నీ కొట్టేశారు. ఇళ్ళలో సీసాలు పెట్టడం బంద్. నా ఫైల్లోకి హెచ్చరిక ఉత్తరం ఎక్కింది. ఇరవై రెండు స్లైడ్లలో పద్నాలుగు పోయాయి.

రంగు మోసం చేసిన అధ్యాయం మాత్రం ఉంచారు! సైక్లోడెక్స్‌ట్రిన్ కలిపిన ప్రోటీన్ మందుల్ని ఈ రంగుతో కొలిచేవాళ్ళు ముందు ఏం సరిచూసుకోవాలో రాయమన్నారు. ఆరు నెలలు గడువు! కాలేజీ మేడ మీద రేకుల షెడ్డులో, తాళం వేసి, మొదటి రోజు నుంచి మళ్ళీ మొదలు.

ఆరేళ్ళ మీద ఇంకో ఆరు నెలలు! ఏడవాలి కదా? మెట్లు రెండేసి చొప్పున దిగాను. మేడం పై నుంచి "పడతావు!" అని అరిచారు. పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. ఏమీ నొప్పి లేదు.

జూన్ 15, ఆదివారం

షెడ్డులో కొత్త సీసాలు పెట్టాను. మొదటి రోజు పరీక్షలు మూడూ, కన్నూ రంగూ గొట్టమూ, మొదటి రోజే చేశాను. ఇన్సులిన్ లేని నీళ్ళతో సహా.

సాయంత్రం కమ్లి ఫోన్. షుగరు నూటయాభై అట. పొట్ట మీద గడ్డలేమీ లేవట, డాక్టరు మళ్ళీ చూశారట. అంగన్‌వాడీ టీచరు ఫ్రిజ్‌లో తన సీసా పక్కనే రూప్‌సింగ్ సీసా కూడా పెట్టించిందట, రెండూ కలిసిపోకుండా తనదానికి ఎర్ర దారం కట్టుకుందట.

"నీ కొత్త సీసలు పెట్టినవా?"

"పొద్దున్నే పెట్టిన పెద్దమ్మా! రేకుల కింద ఇప్పుడే ముప్పై తొమ్మిది!"

"ఈసారి మంచిగైతదా?"

అయితది అని నోటిదాకా వచ్చింది. ఎంత తియ్యగా ఉంటుందో ఆ మాట.

"తెల్వదు" అన్నాను.

అటువైపు కమ్లి గట్టిగా నవ్వింది. "గిట్ల చెప్పు బిడ్డా! గిప్పుడు నమ్మబుద్ధయితుంది."